తులసి పుప్పొడి కార్మైన్‌లో ఎరుపెక్కుతోంది, మాధ్యమంలో మొలవడం లేదు: ఏ లెక్క రాయాలి?

యలహంక_వనజ

బెంగళూరు ఉత్తరాన ఒక ఔషధ మొక్కల క్షేత్రంలో కృష్ణతులసి, లక్ష్మీతులసి రకాల మధ్య సంకరాలు చేసే పనిలో ఉన్నాను. తండ్రి మొక్కలుగా ఎంచుకున్న వాటి పుప్పొడి ఎంతవరకు సజీవంగా ఉందో ముందుగా తేల్చుకోవాలని, ఒకే ఉదయం అవే మొక్కల నుంచి తీసిన పుప్పొడిని మూడు విధాలుగా పరీక్షించాను. అసిటోకార్మైన్ అనే రంగులో దాదాపు రేణువులన్నీ ముదురు ఎరుపెక్కాయి. టీటీసీ అనే టెట్రజోలియం లవణపు ద్రావణంలో సగానికి అటూ ఇటూగా మాత్రమే రంగు కనిపించింది, అందులోనూ కొన్ని ముదురుగా, కొన్ని లేత గులాబీగా ఉన్నాయి. పుప్పొడిని మొలిపించడానికి వాడే బ్రూబేకర్–క్వాక్ మాధ్యమంలో వేసినవి అక్కడొకటి ఇక్కడొకటి తప్ప పరాగనాళం వేయలేదు, చాలావరకు పగిలిపోయాయి.

మా ప్రయోగశాలలో పెద్దవారు కార్మైన్ లెక్క ఒక్కటే రాస్తే చాలునని, ఔషధ మొక్కల మీద వచ్చే వ్యాసాల్లో చాలామంది అలాగే రాస్తారని అంటున్నారు. ఒకే పుప్పొడి ఒక స్లైడు మీద బతికినట్టు, ఇంకో స్లైడు మీద చచ్చినట్టు కనిపిస్తున్నప్పుడు, అనుకూలమైన లెక్కను ఏరుకుని రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి? తేడా నా చేతిపనిలో ఉందా, పద్ధతుల్లోనే ఉందా?

హెసరఘట్ట_హరి

తేడా పద్ధతుల్లోనే ఉంది. మీరు వేసిన మూడు పరీక్షలూ పుప్పొడిని మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి కాబట్టి మూడు జవాబులు వచ్చాయి.

అసిటోకార్మైన్ అంటే 45 శాతం అసిటిక్ ఆమ్లంలో మరిగించి వడకట్టిన కార్మైన్. అంత గాఢమైన ఆమ్లం తగిలాక బతికి ఉన్న రేణువు కూడా బతకదు. ఆ తర్వాత రంగు కేంద్రకాలకూ కణద్రవ్యానికీ పడుతుంది. కనుక అది గాదెలో ధాన్యం ఉందా లేదా అన్నది చెబుతుంది గాని, ఆ ధాన్యం మొలుస్తుందా లేదా అన్నది చెప్పదు. టీటీసీ అడిగే ప్రశ్న వేరు: శ్వాసక్రియకు సంబంధించిన డీహైడ్రోజినేజ్ ఎంజైములు పనిచేస్తుంటే రంగులేని టెట్రజోలియం లవణం ఎర్రని ఫార్మజాన్‌గా మారుతుంది. మొలక పరీక్షలో రేణువు నీరు పీల్చుకుని, పొరలు సర్దుకుని, నాళం తీయగలిగితేనే లెక్కలోకి వస్తుంది.

వాదనకు దిగే ముందు ఒక పని చేయండి. కొంత పుప్పొడిని 80 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి చంపి, అవే రంగులు దానికీ వేయండి. చచ్చిన పుప్పొడికి కూడా రంగు పడితే, ఆ రంగు సజీవతను కొలవడం లేదని మీ పెద్దవారు తమ కళ్ళతోనే చూస్తారు.

సూక్ష్మదర్శిని_సీత

మొలక రాకపోవడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే హరిగారు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

తులసి లామియేసి కుటుంబంలో నెపెటాయిడీ ఉపకుటుంబానికి చెందింది. ఆ ఉపకుటుంబపు పుప్పొడికి రెండు గుర్తులున్నాయి: రేణువు మీద ఆరు చాళ్ళు ఉంటాయి, పరాగకోశం నుంచి బయటపడేనాటికే లోపల మూడు కణాలు తయారై ఉంటాయి. పూల మొక్కల్లో సుమారు 70 శాతం జాతుల పుప్పొడి రెండు కణాల దశలోనే బయటికి వస్తుంది. మిగిలిన జాతుల్లో జననకణం ముందుగానే చీలి రెండు పురుషబీజాలు సిద్ధంగా ఉంటాయి. వరి, గోధుమ, ఆవ, పొద్దుతిరుగుడు అన్నీ ఈ రెండో వర్గానివే. ఇలాంటి త్రికణ పుప్పొడి ఆయుష్షు సాధారణంగా తక్కువ, కృత్రిమ మాధ్యమంలో మొలిపించడం చాలా కష్టం. వరి పుప్పొడి అయితే బయటపడిన కొద్ది నిమిషాల్లోనే శక్తి కోల్పోతుంది.

అందువల్ల మాధ్యమంలో తులసి మొలవలేదు కనుక చచ్చిపోయిందని తీర్మానించడం తప్పు. బ్రూబేకర్, క్వాక్ 1963లో ఆ మాధ్యమాన్ని ప్రకటించింది పుప్పొడి మొలకకు కాల్షియం ఎంత అవసరమో నిరూపిస్తూ. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం నైట్రేట్, 100 మిల్లీగ్రాముల బోరిక్ ఆమ్లం, 200 మిల్లీగ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 100 మిల్లీగ్రాముల పొటాషియం నైట్రేట్, వాటితో 10 శాతం చక్కెర. అశ్వగంధ వంటి ద్వికణ పుప్పొడి మొక్కలకు దాంతో మొదలుపెట్టడం సబబే. తులసికి అదే చివరి తీర్పు కాలేదు.

పాతప్రయోగశాల

మీరిద్దరూ కార్మైన్‌ను మరీ చులకన చేస్తున్నారు. డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పినవాడిగా నా అభ్యంతరం నమోదు చేస్తున్నాను. పుప్పొడి వంధ్యత్వం తెలుసుకోవడానికి, అంటే రేణువు నిండుగా ఉందా, డొల్లగా ఉందా అని చూడడానికి, అంత చవకగా, అంత త్వరగా పనిచేసే పద్ధతి వేరే లేదు. జాతుల మధ్య సంకరం చేస్తే పుట్టే మొక్కలో క్షయకరణ విభజన సరిగ్గా జరగక తరచూ చాలా రేణువులు ముడుచుకుపోయి ఉంటాయి. ఆ సంగతి కార్మైన్ చుక్క వేసిన కాసేపటికే కనిపిస్తుంది. మెరిసే రంగులను చూపే ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని లేని కళాశాలలు మన రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. వాళ్ళందరూ ప్రయోగాలు మానుకోవాలా?

హెసరఘట్ట_హరి

మానుకోవద్దు. వంధ్యత్వానికి కార్మైన్ సరిపోతుందన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా అభ్యంతరమల్లా ఆ లెక్కను పట్టికలో సజీవత శాతం అన్న శీర్షిక కింద పెట్టడం మీదే. అసిటోకార్మైన్‌లో రంగు పట్టిన రేణువుల శాతం అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. నిల్వ ఉంచిన పుప్పొడికీ తాజా పుప్పొడికీ తేడా చూడాల్సి వస్తే మాత్రం కార్మైన్ అక్కరకు రాదు, ఎందుకంటే నెల క్రితం చచ్చిన రేణువులో కూడా సరుకు ఇంకా అలాగే ఉంటుంది.

పాతప్రయోగశాల

శీర్షిక విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కళాశాలల్లో అలా రాయడం అలవాటు చేయాలి.

అమ్మమ్మగారి_మనవడు

ఒక చిన్న పక్కమాట. కార్మైన్ అనేది కొచినీల్ అనే పురుగు నుంచి తీసే రంగు. తులసి పుప్పొడికి పురుగు రంగు వేసి చూస్తున్నారని మా అమ్మమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ సజీవత గురించి ఏమీ అడగలేదు, ద్వాదశి నాడు గాని కోయలేదు కదా అని మాత్రం అడిగారు.

యలహంక_వనజ

కోటలోని తులసి కాదని, క్షేత్రంలో వరుసల్లో వేసిన మొక్కలని అమ్మమ్మగారికి చెప్పండి. ద్వాదశి సంగతి ఇకమీద పంచాంగం చూసి పాటిస్తాను.

రంగులపెట్టె

టీటీసీలో సగం రంగు రావడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ సగం పూర్తిగా పుప్పొడి తప్పే అనుకోకండి. టీటీసీ చాలా అలకపాన్పు ఎక్కే రసాయనం.

మొదటిది, వెలుతురు తగిలితే ద్రావణం దానంతట అదే గులాబీ రంగుకు తిరుగుతుంది. ముదురు గోధుమరంగు సీసాలో, అల్యూమినియం రేకు చుట్టి, చల్లగా ఉంచాలి. రెండవది, ఆక్సిజన్. శ్వాసక్రియలో విడుదలయ్యే ఎలక్ట్రాన్ల కోసం టెట్రజోలియం ఒకవైపు, ఆక్సిజన్ మరోవైపు పోటీ పడతాయి. కవర్ స్లిప్ అంచుల దగ్గర గాలి తగులుతుంది కాబట్టి అక్కడి రేణువులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా లేతగానే మిగిలిపోతాయి, వాటిని లెక్కపెట్టవద్దు. మూడవది, చక్కెర లేకుండా ఉత్త నీటిలో కలిపితే రేణువులు పగిలి ఎంజైములు బయటికి కారిపోతాయి. నాలుగవది, ఆమ్లత్వం. పీహెచ్ 7 దగ్గర ఉండేలా బఫరు వాడితే ఫలితం నిలకడగా వస్తుంది.

లేత గులాబీని ఏ ఖాతాలో వేయాలన్నది మనిషిని బట్టి మారకుండా చూసుకోవాలి. ముందుగానే ఒక ప్రమాణం పెట్టుకుని, రకాల పేర్లు తెలియకుండా సంకేతాలు మాత్రమే రాసిన స్లైడ్లను వేరే వ్యక్తితో కూడా లెక్కపెట్టించండి. చంపిన పుప్పొడి స్లైడు పక్కనే ఉంటే దాని లేతదనమే మీకు హద్దుగా పనికొస్తుంది.

ఎంటీటీ అనే మరో టెట్రజోలియం లవణం ఇంకా త్వరగా రంగిస్తుందని కొందరు వాడతారు. అయితే కొన్ని జాతుల్లో టెట్రజోలియం లవణాలు చంపిన పుప్పొడిని కూడా రంగెక్కించాయి. కనుక హరిగారు చెప్పిన వేడి పరీక్ష కార్మైన్‌కే కాదు, ప్రతి రంగుకూ, ప్రతి కొత్త జాతికీ వేయాల్సిందే.

గిరి_గణాంకం

అంచుల దగ్గర లెక్కపెట్టవద్దని రంగులపెట్టె అంటున్నారు. అది ఇంకో ప్రమాదానికి దారితీస్తుంది. కవర్ స్లిప్ వేసి ద్రవం పరుచుకునేటప్పుడు రేణువులన్నీ సమానంగా సర్దుకోవు. చిన్నవి, డొల్లవి ద్రవంతో పాటు అంచులకు కొట్టుకుపోతాయి, నిండుగా ఉన్న పెద్దవి మధ్యలో నిలుస్తాయి. మధ్యలో మాత్రమే లెక్కపెడితే పుప్పొడి ఉన్నదాని కంటే మంచిదిగా కనిపిస్తుంది. అందుకే ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా గీత గీసినట్టు సాగి లెక్కపెట్టాలని మాకు నేర్పారు.

రంగులపెట్టె

మీరు చెప్పింది కార్మైన్‌కూ, నిండు రేణువులనూ డొల్ల రేణువులనూ వేరుచేసి చూపే అలెగ్జాండర్ రంగుకూ వర్తిస్తుంది, వాటికి గాలితో పేచీ లేదు. టీటీసీకి అదే నియమం పెడితే బతికిన రేణువులను చచ్చినవాటిగా లెక్కించాల్సి వస్తుంది.

గిరి_గణాంకం

అలాగైతే మధ్యలో లెక్కపెట్టిన టీటీసీని, అంచు నుంచి అంచుకు లెక్కపెట్టిన కార్మైన్‌ను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

సూక్ష్మదర్శిని_సీత

ఇద్దరి మాటా నెగ్గే మార్గం ఒకటుంది. స్లైడు మీద రంగు వేయడమే మానేయండి. మూత బిగుతుగా పట్టే చిన్న ప్లాస్టిక్ నాళికను టీటీసీ ద్రావణంతో దాదాపు నిండా నింపి, అందులో పుప్పొడి వేసి, చీకట్లో 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఉంచి, రంగు తేలాక బాగా కలిపి ఒక చుక్క స్లైడు మీదికి తీసుకోండి. గాలి తగలని చోటే రంగు ఏర్పడింది కనుక అంచు, మధ్య అన్న తేడా పోతుంది, గిరిగారు చెప్పినట్టే అంచు నుంచి అంచు దాకా లెక్కపెట్టవచ్చు. స్లైడు మీదే చేయక తప్పకపోతే కవర్ స్లిప్ చుట్టూ పెట్రోలియం జెల్లీ పూసి మూసేయాలి.

కరూరు_బంధువు

నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. మా అత్తగారి ఊరు తమిళనాడులో మూలనూరు వైపు, అక్కడ అడవినాభి సాగు ఎక్కువ. విత్తనాల్లో కాల్చిసిన్ ఉంటుంది కనుక మందుల తయారీకి కొంటారు. పూత కాలంలో ఉదయం పూట చేత్తో పుప్పొడి అద్దాలి, లేకపోతే కాయ సరిగ్గా పట్టదు. అద్దిన పూలలో కూడా కొన్ని ఉత్తగానే రాలిపోతాయి. పుప్పొడిలో దోషమో, పువ్వులో దోషమో ఈ రంగులతో రైతుకు తెలిసే వీలుందా?

హెసరఘట్ట_హరి

వీలుంది. అడవినాభి పువ్వులో కీలం పక్కకు వంగి పరాగకోశాలకు దూరంగా ఉంటుంది, అందుకే చేతి సాయం కావాలి. రైతు స్వయంగా రంగు వేయనక్కరలేదు. అద్దే వేళకు తీసిన పుప్పొడిని కాగితపు పొట్లంలో చల్లగా దగ్గరలోని కళాశాలకో, ఉద్యాన కేంద్రానికో అదే ఉదయం చేర్చగలిగితే, టీటీసీ వేసి చూడవచ్చు. ఆ పుప్పొడి బాగుండి కూడా పూలు రాలుతుంటే అప్పుడు కీలాగ్రం పుప్పొడిని స్వీకరించే దశలో ఉందా, అద్దాక వాన పడిందా అని వెతకాలి. సాయంత్రం దాకా ఆగి పంపిన పుప్పొడి మీద వచ్చిన ఫలితం ఉదయపు అద్దకానికి సాక్ష్యం కాదు. ఆ మొక్కలో ప్రతి భాగమూ విషమే కనుక పుప్పొడి తీసినవారు చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదని ఇంట్లో అందరికీ మరోసారి చెప్పండి.

యలహంక_వనజ

ఈలోగా వేడి పరీక్ష చేశాను. చంపిన పుప్పొడి కార్మైన్‌లో తాజా పుప్పొడిలాగే ఎరుపెక్కింది. రెండు స్లైడ్లనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఏదో మా పెద్దవారు గుర్తుపట్టలేకపోయారు. టీటీసీలో చంపినవి రంగు పట్టలేదు. సీతగారు చెప్పిన నాళిక పద్ధతిలో చేసేసరికి తాజా పుప్పొడిలో రంగు పట్టినవి మునుపటికంటే బాగా పెరిగాయి, లేత గులాబీ రేణువులు తగ్గాయి. పెద్దవారు ఇప్పుడు నా వైపే ఉన్నారు, వారే ఎఫ్‌డీఏ (ఫ్లోరెసీన్ డైఅసిటేట్) పరీక్ష కూడా చేయమంటున్నారు. మా దగ్గర ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని లేదు. పద్ధతి వివరంగా తెలిసినవారు రాస్తే మేలు చేసినవారవుతారు.

జక్కూరు_జయ

ఎఫ్‌డీఏ పరీక్షను జాన్ హెస్లాప్-హారిసన్, యోలాండ్ హెస్లాప్-హారిసన్ దంపతులు 1970లో ప్రకటించారు. దాని వెనకున్న ఆలోచన చాలా అందమైనది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఫ్లోరెసీన్ డైఅసిటేట్ మెరవని పదార్థం, కణపొరలోంచి సులువుగా లోపలికి దూరుతుంది. లోపలి ఎస్టరేజ్ ఎంజైములు దాన్ని తుంచితే ఫ్లోరెసీన్ బయటపడుతుంది, అది నీలికాంతి పడినప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ ఫ్లోరెసీన్ మాత్రం చెక్కుచెదరని పొరను దాటి సులువుగా బయటికి పోలేదు. కాబట్టి రేణువు ప్రకాశంగా మెరిసిందంటే రెండు సంగతులు ఒకేసారి రుజువైనట్టు: ఎంజైము పనిచేస్తోంది, పొర గట్టిగా ఉంది. పొర చిల్లులు పడిన రేణువులో మెరుపు పుట్టినా బయటికి కారిపోతుంది.

చేసే తీరు ఇది. మిల్లీలీటరు అసిటోన్‌కు 2 మిల్లీగ్రాముల చొప్పున కలిపి శీతల పెట్టెలో దాచుకోవాలి. పరీక్షకు ముందు చక్కెర ద్రావణంలో దీన్ని చుక్క చుక్కగా వేస్తూ పోతే ఒక దశలో పాలవంటి మసక నిలుస్తుంది, అక్కడ ఆపాలి. అలా కలిపినది నిలవ ఉండదు, వెంటనే వాడాలి. అందులో పుప్పొడి వేసి, తేమ గదిలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి చూడాలి. ఆలస్యమైతే మెరుపు చుట్టుపక్కల ద్రవంలోకి పాకి ఏది రేణువుదో తెలియకుండా పోతుంది.

పరికరం గురించి దిగులు పడకండి. యలహంక నుంచి జీకేవీకే, అంటే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణ, ఎంత దూరం? ఆ ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం దగ్గరున్న సీ-క్యాంప్ వంటి చోట్ల బయటి పరిశోధకులకు రుసుము మీద సూక్ష్మదర్శిని సేవలు ఉంటాయి, ముందుగా అడిగి సమయం తీసుకోండి. పుప్పొడిని మాత్రం పువ్వుల్లోనే ఉంచి తీసుకెళ్ళి అక్కడికక్కడే దులపండి.

సూక్ష్మదర్శిని_సీత

జయగారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన జోడింపు. కె.ఆర్. శివన్న, జాన్ హెస్లాప్-హారిసన్ 1981లో పొరల స్థితికీ పుప్పొడి సజీవతకూ ఉన్న సంబంధాన్ని చూపించారు. బాగా ఎండిన రేణువులో కణపొర అల్లిక సడలి ఉంటుంది. దాన్ని నేరుగా ద్రవంలో ముంచితే పొర మళ్ళీ కుదురుకునేలోపే లోపలి పదార్థం కారిపోయి, బతకగలిగిన రేణువు కూడా ఎఫ్‌డీఏలో చచ్చినట్టు కనిపిస్తుంది. ముందుగా తేమగాలిలో ఉంచి నెమ్మదిగా నీరు పట్టనిస్తే పొర తిరిగి ఏర్పడుతుంది, మెరుపు వస్తుంది, మొలక శాతం కూడా పెరుగుతుంది.

మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో బెంగళూరు గాలి ఎంత పొడిగా ఉంటుందో మనకు తెలుసు, దానికి ఏసీ గది తోడైతే పుప్పొడి మరింత ఎండుతుంది. పెట్రీ గిన్నెలో తడిపిన వడపోత కాగితం పరిచి, దానికి తగలకుండా స్లైడు మీద పుప్పొడి ఉంచి మూత పెట్టండి. సిలికా జెల్‌తో ఆరబెట్టి నిల్వ చేసిన పుప్పొడికి అరగంట నుంచి గంట దాకా అవసరమవుతుంది. తాజా తులసి పుప్పొడికి అంతసేపు వద్దు, త్రికణ పుప్పొడి తేమలో ఊరికే ఉంటే అక్కడే శక్తి ఖర్చు చేసుకుంటుంది. మీ మాధ్యమంలో రేణువులు పగిలిపోవడానికి కూడా ఈ హఠాత్తు తడే ఒక కారణం కావచ్చు.

హెసరఘట్ట_హరి

నిల్వ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా వైపున్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ పుప్పొడిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచే పనికి పేరుపొందింది. అలా దాచిన పుప్పొడిని తీసి పరీక్షించేటప్పుడు సీతగారు చెప్పిన తేమ దశ తప్పనిసరి. అది లేకుండా వచ్చిన తక్కువ లెక్కను చూసి నిల్వ పాడైందని పారేస్తే, మంచి సరుకు చెత్తబుట్టలోకి పోతుంది.

పాతప్రయోగశాల

అలెగ్జాండర్ రంగును ఎవరూ పట్టించుకోలేదు. 1969లో వచ్చిన ఆ పద్ధతిలో మాలకైట్ గ్రీన్ రేణువు గోడను ఆకుపచ్చగా, ఆసిడ్ ఫుక్సిన్ లోపలి జీవపదార్థాన్ని ముదురు గులాబీగా రంగిస్తాయి. డొల్ల రేణువులో జీవపదార్థం ఉండదు కనుక ఆకుపచ్చ ఒక్కటే కనిపిస్తుంది. రెండు రంగుల తేడా కాబట్టి విద్యార్థి తడబడే అవకాశం కార్మైన్‌లో కన్నా చాలా తక్కువ.

రంగులపెట్టె

మంచి పద్ధతే, అయితే మూల సూత్రంలో ఫినాల్, క్లోరల్ హైడ్రేట్ ఉంటాయి. ఫినాల్ చర్మం మీద పడితే కాలుతుంది, క్లోరల్ హైడ్రేట్ కొనుగోలు కూడా అంత తేలిక కాదు. ఆ రెండూ లేకుండా సరిదిద్దిన సూత్రం 2010లో వచ్చింది, కళాశాలలు దాన్ని వాడడం మేలు. రేణువు గోడ మందాన్ని బట్టి అసిటిక్ ఆమ్లం పాళ్ళు మార్చాలి, స్లైడును దీపం మంట మీద కొద్దిగా వేడిచేస్తే రంగులు తేటగా విడిపోతాయి. ఇదీ నిండుదనాన్నే చూపుతుంది గాని ప్రాణాన్ని కాదు.

తుమకూరు_తేజ

పాతప్రయోగశాలగారికి మద్దతుగా ఒక ఉదాహరణ. తుమకూరు వైపు పొలాల్లో బజె పేరుతో పండించే వసను తీసుకోండి. వసలో 24, 36, 48 క్రోమోజోములున్న రూపాలున్నాయి. 36 ఉన్నది త్రయస్థితికం, అంటే క్రోమోజోముల సమితులు మూడున్నది, విత్తనం కట్టదు, దుంపలతోనే పెంచాలి. చేతిలో ఉన్న మొక్క ఏ రూపమన్నది మందుకు కూడా ముఖ్యమే, ఎందుకంటే బీటా-అసరోన్ అనే రసాయనం పాళ్ళు రూపాన్ని బట్టి మారతాయి. క్రోమోజోములు లెక్కపెట్టే వసతి లేనిచోట, పుప్పొడిలో డొల్ల రేణువులు పెద్ద సంఖ్యలో కనిపిస్తే అనుమానించి నమూనాను ముందుకు పంపడానికి అలెగ్జాండర్ రంగు చాలు.

జిల్లేడుపువ్వు

జిల్లేడు, పొడపత్రి మొక్కల పుప్పొడి విడి రేణువులుగా రాదు, ముద్దలుగా ఉంటుంది కదా. వాటికి ఈ రంగులు ఎలా వేయాలి?

సూక్ష్మదర్శిని_సీత

ఆ ముద్దను పరాగపుంజం అంటారు. దాని చుట్టూ మైనం వంటి గోడ ఉంటుంది, రంగు లోపలికి పోదు. సూదితో చీల్చి, మెల్లగా నలిపి అప్పుడు రంగు వేయాలి, నలిపేటప్పుడు పగిలిన రేణువులను లెక్క నుంచి తీసేయాలి. ఆ మొక్కలకు పుంజాన్ని పుంజంగానే మొలిపించి, నాళాలు వచ్చాయా లేదా అని చూడడం మంచిది. ఇది వేరే చర్చగా తెరిస్తే అక్కడ వివరంగా రాస్తాను.

గిరి_గణాంకం

వనజగారు మళ్ళీ లెక్కలకు కూర్చునే ముందు నా మాట కూడా వినాలి. ఒక స్లైడు మీద వెయ్యి రేణువులు లెక్కపెట్టినా అది ఒక పువ్వు గురించి తెలిసిన సంగతే. ఒకే పువ్వులోని రేణువులు ఒకే వాతావరణంలో, ఒకే తల్లి కణజాలంలో పెరిగాయి. వాటిని వెయ్యి విడి నమూనాలుగా భావించి పరీక్ష నడిపితే లేని తేడాలు కూడా ఉన్నట్టు తేలతాయి. మీకు ఒక నమూనా అంటే ఒక మొక్క, ఒక రేణువు కాదు. ఒక్కో రకంలో వీలైనన్ని మొక్కలు, మొక్కకు కొన్ని పూలు, పువ్వుకు రెండు మూడు వందల రేణువులు చాలు. రేణువులు పెంచడం కన్నా మొక్కలు పెంచడం వల్ల లాభం ఎక్కువ.

శాతాలను ఆర్క్‌సైన్ రూపంలోకి మార్చి అనోవా (సగటుల మధ్య తేడాలు చూసే గణాంక పరీక్ష) చేయడం వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇప్పుడు రంగు పట్టినవి ఇన్ని, పట్టనివి ఇన్ని అన్న అసలు సంఖ్యలతోనే లాజిస్టిక్ నమూనా (అవును-కాదు లెక్కలకు వాడే గణాంక పద్ధతి) వేసి, మొక్కను, పువ్వును యాదృచ్ఛిక ప్రభావాలుగా పెట్టడం తేలిక. శాతం మాత్రమే రాసి అసలు సంఖ్యలు పారేయకండి.

తుమకూరు_తేజ

చివరికి సంకరం కోసమే కదా ఈ పని అంతా. అలాంటప్పుడు నేరుగా పూల మీద అద్ది గింజలు లెక్కపెడితే సరిపోదా? తులసి అండాశయంలో నాలుగే అండకాలు, ఒక పువ్వుకు ఎక్కువలో ఎక్కువ నాలుగు గింజలు. లెక్క ఇంతకన్నా సులువుగా ఉండే మొక్క దొరకదు.

హెసరఘట్ట_హరి

గింజల లెక్క అవసరమే, కానీ ఒక్కటే ఉంటే తప్పు పుప్పొడిదో తల్లి మొక్కదో తెలియదు. తులసిలో పరాగకోశాలు ముందు పగులుతాయి, కీలాగ్రం తర్వాత పక్వమవుతుంది. తొందరపడి అద్దితే ఎంత మంచి పుప్పొడైనా గింజ కట్టదు. అలా గింజ రానప్పుడు పుప్పొడి రంగు పరీక్ష చేతిలో ఉంటే కారణం ఎటువైపు ఉందో సగం తేలిపోతుంది.

జక్కూరు_జయ

ఆ రెండింటికీ మధ్య మెట్టు ఒకటుంది, త్రికణ పుప్పొడికి అది మరీ నమ్మకమైనది. మొగ్గలోనే కేసరాలు తీసేసిన పువ్వుల్లో, కీలాగ్రం పక్వమయ్యాక పుప్పొడి అద్ది, కొన్ని గంటల తర్వాత కీలంతో సహా కోసి, ఆల్కహాల్–అసిటిక్ ఆమ్లం మిశ్రమంలో స్థిరపరచండి. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌లో మెత్తబరచి, నీటితో బాగా కడిగి, రంగు విరిచిన అనిలిన్ బ్లూలో ఉంచి అతినీలలోహిత కాంతిలో చూడాలి. పరాగనాళాల్లోని కాలోజ్ అనే పదార్థం మెరుస్తుంది, ఎన్ని రేణువులు అంటుకున్నాయి, ఎన్ని నాళం తీశాయి, ఎంత లోపలికి వెళ్ళాయి అన్నది కళ్ళకు కడుతుంది. మన కృత్రిమ మాధ్యమం తులసికి నచ్చకపోయినా, దాని సొంత కీలాగ్రం మీద మొలవకపోవడానికి అలాంటి సాకు ఉండదు. ఎఫ్‌డీఏకు వెళ్ళే రోజునే ఈ స్లైడ్లు కూడా తీసుకెళితే ఒకే రుసుముతో రెండు పనులు అవుతాయి, సూక్ష్మదర్శినికి కాంతి వడపోతలు వేర్వేరు కావాలని ముందే చెప్పి ఉంచండి.

యలహంక_వనజ

పట్టిక ఇలా వేసుకున్నాను: అలెగ్జాండర్ రంగులో నిండు రేణువులు, నాళిక పద్ధతిలో టీటీసీ, తేమ పట్టించాక ఎఫ్‌డీఏ, కీలాగ్రం మీద నాళాలు, పువ్వుకు గింజలు. ప్రతి రంగు పక్కనా చంపిన పుప్పొడి లెక్క కూడా ఉంటుంది. కార్మైన్ లెక్కను కూడా తీసేయకుండా పద్ధతి పేరుతో ఉంచుతున్నాను, పాత వ్యాసాలతో పోల్చుకునేవారికి అది కావాలి. ఎఫ్‌డీఏకు చక్కెర ఎంత గాఢతలో వాడాలన్నది ఒక్కటే మిగిలింది. 10 శాతంలో కూడా పగిలే రేణువులు కనిపిస్తున్నాయి.

జక్కూరు_జయ

10, 15, 20, 25 శాతాల్లో నాలుగు ద్రావణాలు చేసి, రంగేమీ కలపకుండా పుప్పొడి వేసి చూడండి. రేణువులు పగలకుండా, ముడుచుకోకుండా గుండ్రంగా నిలిచే అతి తక్కువ గాఢతను ఎంచుకుని, టీటీసీకీ ఎఫ్‌డీఏకీ అదే వాడండి. కృష్ణతులసికీ లక్ష్మీతులసికీ విడివిడిగా చూడాలి, రెండింటికీ ఒకటే సరిపోతుందని ముందే అనుకోవద్దు.